సముద్రానికి వెళ్ళే ముందు వంట

రేపు పొద్దున సర్ఫింగ్‌కు బయల్దేరాలి కాబట్టి వినోద ఇవాళ ఆఫీసుకు సెలవు పెట్టి వంట చేస్తోంది. పులిహోర పులుసు కాచి సీసాకెత్తింది. పళ్ళు లేని అత్తగారికి సొరకాయ పప్పు మెత్తగా ఉడికించి చిన్న డబ్బాల్లో పోసింది. కూతురు సంతోషికి కారం తక్కువ వేసిన పనీర్ కూర, భర్త సురేశ్‌కు కారం ఎక్కువ వేసిన వంకాయ కూర. చపాతీలు సగం కాల్చి, అంటుకోకుండా మధ్య మధ్య కాగితాలు పెట్టింది. మూడు రోజుల తిండి ఫ్రిజ్‌లో అరల నిండా పేర్చి, ఏ డబ్బా ఎప్పుడు తీయాలో సంతోషికి చూపించింది. ఆ పిల్ల ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "చాల్‌సే మమ్మీ" అంది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల. నడుస్తుందిలే అనడానికి దానికి గుజరాతీ మాటే ముందు నోటికొస్తుంది.

ఇల్లు సర్దడానికి వారం పట్టింది. తన సంచి సర్దుకోవడానికి నిన్న సాయంత్రం పాలు కాగేంత సేపు పట్టింది. రెండు జతల బట్టలు, ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల నల్ల ఈత చొక్కా, తువ్వాలు, నడుం నొప్పికి రాసుకునే మందు. ఇంకా సగం సంచి ఖాళీగానే ఉంది. ఇన్నేళ్ళలో పెళ్ళిళ్ళకూ చావులకూ, నిజామాబాద్ వైపు చుట్టాలిళ్ళకూ ఎన్ని సంచులు సర్దలేదు! అత్తగారి మందులు, సంతోషి చెప్పులు, సురేశ్ గడ్డం సామాను, అన్నీ పెట్టాక మూలకు కాస్త చోటు మిగిలితే తన చీరలు. ఇప్పుడు సంచి మొత్తం తనదే అయ్యేసరికి ఒక మనిషికి ఏం కావాలో ఆమెకు తోచలేదు. కాసేపు దాని ముందు కూర్చుని, జిప్పు వేసి మంచం కిందికి నెట్టింది.

వినోద కతర్‌గామ్‌లో వజ్రాలు ఏరే ఆఫీసులో పని చేస్తుంది. పొద్దున తాపీ నది వంతెన దాటి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ వంతెన దాటి అమ్రోలిలోని ఇంటికి వస్తుంది. పగలంతా బల్ల మీదికి వంగి, పట్టకారుతో రవ్వలు తీసి రంగు చూసి కుప్పలు పోయాలి. అట్లా వంగి వంగి మెడ, నడుం పట్టేస్తే డాక్టరు ఈత కొట్టమన్నాడు. మునిసిపాలిటీ ఈతకొలనులో ఆడవాళ్ళ బ్యాచ్‌లో చేరింది. అక్కడే పద్మారాణి పరిచయమైంది. ఆమెది రాజమండ్రి, ఇక్కడ ఒక బడిలో లెక్కల టీచరు. ఇద్దరూ ఒక వైపు నీళ్ళు మింగి ఇంకో వైపు దగ్గుతూ ఏడాదిలో ఈత నేర్చుకున్నారు. మొన్న దీపావళి అయ్యాక పద్మారాణి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. కర్ణాటకలో ముల్కి అనే ఊరట, అక్కడ ఆడవాళ్ళకు వేరుగా సర్ఫింగ్ నేర్పుతారట. వీడియోలో వినోద వయసు మనిషే ఒకామె, తడిసిన బట్టలతో, అలల మీద తేలే బోర్డు మీద మోకాళ్ళు వంచి లేచి నిలబడింది. రెండు గుక్కల ఊపిరంత సేపు నిలబడి పడిపోయింది. పడి, నవ్వుతూ లేచింది. వినోద ఆ వీడియోను ఇంటికొచ్చాక కూడా చూసింది. పెద్దవాళ్ళు పడటాన్ని ఇంట్లో ఎవరూ నవ్వుగా తీసుకోరు కదా అనుకుంది.

ఫిబ్రవరిలో వెళ్ళాలని ఇద్దరూ అనుకున్నారు. ఆఫీసులో సెలవు అడిగితే మేనేజరు, "వినోదాబేన్, పెళ్ళా, చావా?" అన్నాడు. రెండూ కాదని, ఎక్కడికో చెప్పింది. సర్ఫ్ అంటే బట్టలుతికే పొడి కదా, మీ ఆడవాళ్ళకు అది ఇంట్లోనే దొరుకుతుంది కదా అని ఆయన గట్టిగా అన్నాడు. చుట్టూ బల్లల దగ్గర మగవాళ్ళు నవ్వారు. ఆమె కూడా కాస్త నవ్వింది. సెలవు దొరకాలంటే నవ్వాలి. ఆ నవ్వు సాయంత్రం బస్సెక్కేదాకా మొహం మీద జిడ్డులా ఉండిపోయింది.

ఇంట్లో ఎవరూ వద్దనలేదు. సురేశ్ కిమ్ అనే ఊరి దగ్గర నూలు మిల్లులో సూపర్‌వైజరు. చేయెత్తడు, తాగడు, గొంతు పెంచడు. ఆమె తేదీలు చెప్తే ఆలోచించి, "సరే, పోయి రా" అన్నాడు. తాను అడగని అనుమతి తన చేతిలో పెట్టినట్టయింది వినోదకు. తరువాతి ఆదివారం తెలుగువాళ్ళ సంఘం భోజనాల్లో అతను పది మంది మధ్య, "మా ఇంటామెను నేనే పంపిస్తున్న. ఆడోళ్ళకు గూడ ఆజాదీ ఉండాలె గద" అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఆమెను అదృష్టవంతురాలివన్నారు. వినోద విస్తరి మీదికి వంగి, అన్నంలో గుంట చేసి చారు పోసుకుంది. తన కోరిక తన నోటి నుంచి బయటికి రాగానే అతని మంచితనమైపోయింది. దాన్ని వెనక్కి ఎట్లా తీసుకోవాలో తెలియలేదు.

మిగతావన్నీ ప్రశ్నలే. పప్పు ఎవరు పొయ్యి మీద పెడతారు, నీళ్ళు రాకపోతే మోటరు ఎవరు వేస్తారు, బీపీ గోళీ ఎవరిస్తారు, ఎవరైనా చుట్టాలొస్తే ఏం చెప్పాలి. ఒక్కదానికి మాత్రం ఆమె ఎదురు చూసింది. నీకు సముద్రమంటే భయం లేదా, అక్కడికే ఎందుకు పోవాలనిపించింది? ఎవరైనా ఈ మాట అడుగుతారని జవాబు కూడా అనుకుని పెట్టుకుంది. మొదటిసారి నీళ్ళ మీద వెల్లకిలా పడుకున్నప్పుడు చెవుల్లోకి నీళ్ళు వచ్చి, లోకంలో పిలుపులన్నీ ఆగిపోయాయి. నీళ్ళు తనను మోశాయి. బుద్ధి తెలిసిన నాటి నుంచి ఎత్తడమూ దించడమూ తన పనే. తనను ఎత్తుకున్నది ఆ నీళ్ళే. ఇదంతా చెప్పాలనుకుంది. సురేశ్ అడగలేదు. సంతోషి అడగలేదు. ఒక రోజు గిన్నెలు తోముతూ ఆ జవాబును సింకుకు చెప్పి, కుళాయి కట్టేసింది.

మధ్యాహ్నం చపాతీల పని అవుతుండగా పద్మారాణి ఫోన్ చేసింది. రాలేనంది. భర్త వరప్రసాద్ పై అధికారి కుటుంబంతో శనివారం భోజనానికి వస్తున్నాడట. సంగతి అతనికి పది రోజుల క్రితమే తెలుసట, ఇవాళ చెప్పాడట.

"ఆయన వద్దనలేదు వినోదగారూ. అదే బాధ. వద్దంటే దెబ్బలాడేదాన్ని" అంది. వెనక ఎక్కడో మిక్సీ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆఖరికి, మీరు వెళ్ళండి అని మాత్రం అని పెట్టేసింది.

వినోద చేతి పిండి కడుక్కోకుండా నిలబడింది. ఆ రైలు, ఆ ఊరు, ఆ భాష, అన్నీ ఇద్దరికని ఊహించుకున్నవే.

సాయంత్రం మిల్లు బస్సు దిగి వచ్చిన సురేశ్‌కు, పద్మారాణి రావడం లేదని చెప్పింది. అంతవరకే చెప్పింది. అతను బూట్లు విప్పుతూ, "అయ్యో. సరే తియ్, మళ్ళెప్పుడన్న పోదురు. టికెట్ కాన్సల్ చేసెయ్" అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. పెళ్ళయిన కొత్తలో జ్వరమొస్తే అంత మెత్తగా మాట్లాడేవాడు. తను వెళ్ళకపోవడం అతనికి ఇంత హాయినిస్తుందని ఆమెకు ఇంతవరకూ తెలియదు. ఏదో అనబోయేలోగా అతను తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆమె బాల్కనీలో ఆరిన బట్టలు తీసుకుని లోపలికొచ్చేసరికి అత్తగారు బుచ్చవ్వ ఫ్రిజ్ తెరిచి డబ్బాలు ఒక్కొక్కటే బయట పెడుతోంది.

"పోతలేవు గద బిడ్డా. ఇంత తిండి ఖరాబు చేసుకునుడెందుకు" అంది ముసలామె. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆకలి కాలం చూసిన మనిషి, తిండి పాడైతే ఓర్వలేదు.

స్నానం చేసి వచ్చిన సురేశ్ ఆ డబ్బాల వరస చూసి హుషారయ్యాడు. పై అంతస్తులో ఉండే రాంప్రసాద్‌ను పిలిచాడు. ఇద్దరూ ఒకే మిల్లు. రాంప్రసాద్, అతని భార్య హారతి, ఇద్దరు పిల్లలు కిందికొచ్చారు. హాల్లో చాప వేశారు. వినోద పులుసు కలిపి పులిహోర చేసింది. చపాతీలు మళ్ళీ కాల్చి వేడివేడిగా ఒక్కొక్కటి తెచ్చి వేసింది. చేతులు వాటంతటవే చేస్తున్నాయి. శుక్రవారం పనీరు, శనివారం వంకాయ, ఆదివారం పప్పు, అన్నీ ఒకే విస్తట్లోకి వచ్చాయి. "నువ్వు పోకపోవుడే మంచిదాయె వదినా, మాకు దావత్ దొరికె" అన్నాడు రాంప్రసాద్. అందరూ నవ్వారు. పులుసులో ఏమేం వేశావని హారతి అడిగింది. వినోద చెప్పింది. ఎందుకు ఆగిపోయావని హారతి అడగలేదు. బహుశా ఆమె దృష్టిలో అది అడగాల్సిన సంగతి కాదు.

అందరూ తిన్నాక వినోద వంటింట్లో నిలబడి గిన్నె అడుగున మిగిలిన పులిహోర తింది. చల్లారిపోయింది. హాల్లో సురేశ్ మాటలు వినిపిస్తున్నాయి. మిల్లు సంగతి, జీతాల సంగతి. వారం రోజులు, నేను లేకపోతే వీళ్ళు ఏం తింటారని నిద్ర పట్టక పైకప్పు చూస్తూ పడుకుంది. ఆ తిండి మొత్తం ఒక్క పూటలో అయిపోయింది. రేపటికేమిటని ఒక్కరూ అడగలేదు. రేపు ఆమె ఉంటుంది కదా మరి. గాలి ఉంటుంది, కుళాయి ఉంటుంది, వినోద ఉంటుంది. ఆమెకు కోపం రాలేదు. చల్లని మెతుకులు గొంతులోంచి దిగుతుంటే, తను ఈ ఇంట్లో ఎంత కాలంగా ఒంటరిగా ఉందో మాత్రం అర్థమైంది. ఇంతకన్నా ఒంటరిగా రైల్లో ఏముంటుంది?

చేయి కడుక్కుని హాల్లోకి వచ్చింది.

"పొద్దుగాల నాకు రైలుంది. నేను పోతున్న" అంది.

సురేశ్ నవ్వబోయి ఆగాడు. "ఒక్కదానివా?"

"ఒక్కదాన్నే."

"మరి వంటనో?" అంది బుచ్చవ్వ, నిజంగానే బెంగపడి.

"అయిపాయె గదత్తమ్మా. బియ్యమున్నయ్, పప్పున్నది."

రాంప్రసాద్ పిల్లల చెప్పులు వెతకడం మొదలుపెట్టాడు. హారతి వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. వాళ్ళు మెట్లెక్కిన చప్పుడు ఆగాక సురేశ్, పరాయివాళ్ళ ముందు తన ఇజ్జత్ తీశావన్నాడు. చెప్పేదేదో ముందే తనతో చెప్పాల్సిందన్నాడు. పద్మారాణి రాకపోతే ఏం చేస్తావని నువ్వు అడగలేదు కదా అని వినోద అనుకుంది. అనలేదు. అంటే అది మాట్లాడుకోవడం అవుతుంది, వాళ్ళకు ఆ అలవాటు పోయి చాలా ఏళ్ళయింది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారి ఆమె సంచి భుజాన వేసుకున్నప్పుడు అతను మెలకువగానే ఉన్నాడు, కళ్ళు తెరవలేదు. సంతోషి నిద్రలోనే చేయి ఊపింది. బుచ్చవ్వ మంచం మీద కూర్చుని చూస్తూ, "పైలం" అంది. జాగ్రత్త అన్న ఆ ఒక్క మాట చాలా సేపు ఆమె వెంట వచ్చింది. ఆటోలో తాపీ దాటుతుంటే నది మీద పొగమంచు. స్టేషన్‌లో రెండుసార్లు వెనక్కి పోదామనిపించింది. రైలు ఎక్కి కూర్చున్నాక పద్మారాణి సీటులో ఎవరో పెద్దాయన వచ్చి పేపరు పరిచాడు. వినోద కిటికీ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చింది. బయల్దేరితే సంతోషంగా ఉంటుందనుకుంది. సంతోషం రాలేదు, భయం వచ్చింది, ఇల్లు గుర్తొచ్చింది. అయినా లేచి దిగలేదు.

వాపి దాటాక సురేశ్ ఫోన్ చేశాడు. ఏం తిన్నారని ఆమె అడగలేదు. అడగకుండా ఉండడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది.

"ఎవలన్న అడిగితే ఆఫీసు పని మీద పోయినవని చెప్త" అన్నాడు. "ఒక్కదానివే సముద్రంల ఆడనీకె పోయినవంటే మంచిగుండదు."

మొన్నటిదాకా అతను నలుగురికీ గొప్పగా చెప్పుకున్న మాటే. అతను పంపినంత సేపే అది గొప్ప. కిటికీ బయట సపోటా తోటలు వెనక్కి పోతున్నాయి. వినోద గొంతు సవరించుకుంది.

"అబద్ధమెందుకు చెప్పుడు? అడిగినోళ్ళకు నా నంబరియ్యి. నేనే చెప్త."

అతను ఫోన్ పెట్టేశాడు. మధ్యాహ్నమైంది. రైలు సొరంగాల్లో దూరి బయటికొస్తూ పోతోంది. ఎవరూ ఫోన్ చేయలేదు. ఆమె ఫోన్‌ను మొదట ఒళ్ళో పెట్టుకుంది, తర్వాత సీటు మీద, ఆ తర్వాత సంచిలో. ఎవరైనా అడుగుతారని ఇక ఎదురు చూడడం లేదన్న సంగతి రత్నగిరి దాటాక, టీ తాగుతుంటే గమనించింది.