మన కరెంటు

గడ్డిమోపు కంచెకు అవతల పడింది. కన్నియమ్మాళ్ ఇవతల పడింది.

సెక్యూరిటీ వాడు ముసలమ్మను పట్టపగలు, పదిమంది చూస్తుండగా తోశాడు. కిరుమాంబాక్కం ఊరి పోరంబోకులో ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మేకలు మేపుకుంటోంది. మొన్న వచ్చి కంచె కట్టిన సోలార్ కంపెనీకి మాత్రం ఆమె దొంగ. కంపెనీ టోపీ పెట్టుకున్న దీపా ఆఫీసు రేకుల కింద నిలబడి అంతా చూసింది. ముసలమ్మను లేపడానికి కాలు కదల్లేదు. కూలికి పోతున్న వల్లి పరుగెత్తుకొచ్చి లేపుతుంటే దీపాకు తల కొట్టేసినట్లయింది.

ఆ తొయ్యడంలో తన చెయ్యీ ఉందని ఆమెకు తెలుసు. టౌనులో ఒర్లియంపేట పిల్ల అయిన ఆమెను మేనేజరు బాలసుబ్రమణ్యం ఏరికోరి పనిలో పెట్టుకున్నది చదువు చూసి కాదు, ఈ ఊరి కూలిజనంలాగే ఇంట్లో తెలుగు మాట్లాడుతుందని. "వాళ్ళ ఇంటి భాషలో చెబితే నమ్ముతారమ్మా" అన్నాడు. కూలిజనం భాషను కూడా కూలికి తీసుకునే కాలం ఇది! కంచె కట్టకముందు ఊరి సభలో ఆయన "అవర్ ల్యాండ్, అవర్ పవర్" అన్నాడు. ఇంగ్లీషుకు మా, మన తేడా లేదు. తెలుగుకు ఉంది. దీపా కాసేపు తడబడి, "మన నేల, మన కరెంటు" అంది. జనం చప్పట్లు కొట్టి, కంపెనీకి ఒప్పుకుంటూ చేతులెత్తారు.

ముసలమ్మను తోసిన రోజు సాయంత్రం వల్లి వాకిట్లో జనం గుమిగూడారు. దీపా టోపీ తీసేసి వచ్చి వెనక నిలబడింది.

లాస్‌పేట కాలేజీలో చదివే మణిమారన్ ఆవేశంగా లేచాడు. "ఈ సోలారే పెద్ద మోసం! పలకలన్నీ పగలగొడదాం!"

"కూచో తమ్ముడా" అని వల్లి కసిరింది. "మా నాయన మిల్లు బాయిలరు కాడ బొగ్గు ఎత్తి, ఆ పొగ తిని సచ్చినాడు. ఎండ ఏం పాపం చేసింది నీకు? ఎండకు కంచె కట్టినోడు దొంగ. ఆ కరెంటు ఫ్యాక్టరీకి పోతాది, మన వీధిలో ఒక్క దీపం లేదు. మన ఇండ్ల మీద మనకు పలకలు పెట్టమని అడగాల. మేకల దావ వదలమని అడగాల."

జనం "అవును, అవును" అన్నారు. వల్లి చూపు వెనక్కి తిరిగింది.

"ఏంది పాపా, మన కరెంటు అన్నావే. యాడుండాది?"

దీపా జనం మధ్యకు వచ్చింది. "ఆయన చెప్పింది మన కాదక్కా, మా. నాకు తెలిసే మార్చినా. మీరు ఒప్పుకుంటారని."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కన్నియమ్మాళ్ మోచేతి దెబ్బ చూసుకుంటూ కూర్చుంది. దీపా సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడు జనమంతా కంపెనీ గేటుకు అడ్డంగా కూర్చున్నారు. మేనేజరు దీపాను ముందుకు పిలిచాడు. "కంచె రెండు నెలలకే, తర్వాత తీసేస్తామని చెప్పమ్మా."

దీపా జనం వైపు తిరిగింది. "రెండు నెలలని చెప్పమంటాండాడు. అబద్ధం. కంచె ఎప్పటికీ తియ్యరు."

మేనేజరు మొహం మాడిపోయింది. వల్లి లేచి మొదటి కంచెరాయి మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత ఎవరి చెయ్యి ఏ రాయి మీద పడిందో చెప్పలేం. నాలుగో రాయి ఊడేసరికి పోలీసు వ్యాను వచ్చింది. వల్లినీ, మణిమారన్‌నూ, కన్నియమ్మాళ్‌నూ ఎక్కించారు. దీపా తనంతట తానే ఎక్కింది.

"నువ్వు కంపెనీ అమ్మాయివి కదా, దిగు" అన్నాడు ఇన్స్పెక్టరు.

దీపా దిగలేదు. వ్యానులో ఎవరూ ఆమెకు చోటివ్వలేదు. తలొంచుకుని నిలబడింది. చివరికి కన్నియమ్మాళ్ ఆమె మొహం చూడకుండానే కాస్త పక్కకు జరిగింది.

"కూచోనీండి దాన్ని. రేపు కోర్టులో ఇంగ్లీషులో మాట్లాడతారు. ఈసారన్నా మనకు ఉండేది ఉన్నట్లు చెప్పాల."

వ్యాను కదిలింది. వెనక, మిగిలినవాళ్ళు ఐదో రాయి పెకలిస్తున్నారు.