నలభై రెండంగుళాల కోటు

తొమ్మిదింటికి కొట్టు తెరవడం, మిషనుకి రెండు చుక్కల నూనె వేయడం, కటింగ్ బల్ల వైపు చూసి నిట్టూర్చడం. ఇదీ మిషను టైలరు దినచర్య. పన్నెండేళ్లలో నూనె వేయడం ఎప్పుడైనా మరిచాడేమో గానీ నిట్టూర్పు మరవలేదు.

ఆ బల్ల పెద్ద మాస్టారిది. నల్ల కోటు తొడుక్కుని, మెడలో టేపు వేసుకుని ఆయన సుద్దతో గీత గీస్తుంటే గుడ్డ తెచ్చినవాళ్లు కూడా ఊపిరి బిగబట్టేవాళ్లు. ఆ టేపు ఇవాళ్టి కొలత చెప్పదు, వచ్చే ఏడాది కొలత చెబుతుంది. ఎదిగే పిల్లల తల్లులకి మహా సుఖం. బొజ్జలున్నవాళ్లు మాత్రం వీధి చివరి కొట్టుకి పోయేవాళ్లు. ఓసారి తాళాలు బాగుచేసే ముసలాయనకి చుడితే సున్నా వచ్చింది. మాస్టారు గుడ్డ మడిచి ఇచ్చేశాడు. ముసలాయన ఆ చలికాలం దాటలేదు.

ఒక మధ్యాహ్నం మాస్టారు బల్ల మీద టేపు మరిచి భోజనానికి వెళ్లాడు. మిషను టైలరు దాన్ని తన ఛాతీకి చుట్టుకున్నాడు. ముప్పై ఆరు ఉండాల్సిన చోట నలభై రెండు. అచ్చం మాస్టారి కోటు కొలత!

మూల కూర్చుని కాజాలు కుడుతున్న భార్య సూది ఆపింది.

"ఇంకేం, ఆ కోటు నీదే."

"ఏడాది ఆగితే అదే వస్తుందిలేవే."

"ఆగు. పన్నెండేళ్లుగా చేస్తున్నదదేగా. నీకన్నా ఆ మిషను నయం, తొక్కితే కదులుతుంది."

కదిలాడు. బల్ల మీద పెళ్లికొడుకు కోటు గుడ్డ పరిచి ఉంది. మాస్టారి గీత తుడిచి రెండంగుళాలు లోపలికి గీశాడు. మాస్టారు తిరిగొచ్చి, కళ్లు చికిలించి, కత్తెర వేశాడు.

గుడ్డ చెడగొట్టిన చెయ్యి మళ్లీ కత్తెర పట్టకూడదని ఆ కొట్టు కట్టుబాటు. పెట్టింది మాస్టారే. ఆయన టేపు, కోటు మేకుకి తగిలించి, "మంచినీళ్ల కుండ మీద మూత పెట్టండర్రా" అని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆ కోటు మిషను టైలరు ఒంటికెక్కింది గానీ లోపల ఇద్దరికి చోటుంది. ఏడాదిలో నిండుతుందిలే అని భార్య దూది కూరింది. టేపు చూస్తే ముప్పై తొమ్మిది అంది. నెల తిరిగేసరికి ముప్పై మూడు. రెండు పూటలు తినేవాడు నాలుగు పూటలు తిన్నాడు. తన గీత ఎవరు జరుపుతారోనని తిండి కూడా బల్ల మీదే. కోట్లతోపాటు కూర మరకలూ వెళ్లేవి.

"మాస్టారూ, కోటులో మీరున్నారా, కోటు ఒక్కటే వచ్చిందా?" అని ఇస్త్రీ ఆయన మిషను టైలర్ని పలకరించేవాడు.

భార్య కుట్టిన కాజాలు తనే విప్పుకుంటోంది. "ఇక కొలుచుకోకు" అంది. కొలుచుకున్నాడు. సున్నా.

మొగుడూ పెళ్లాలు మధ్యాహ్నపు ఎండలో మాస్టారింటికి పరిగెత్తారు.

"ఆ గీత జరిపింది నేనే మాస్టారూ."

మాస్టారు పెట్టె తెరిచాడు. కొత్త నల్ల కోటు.

"కళ్లు ఆనడం లేదురా. ఆ నెలాఖరుకి బల్ల నీకప్పగిద్దామని కుట్టాను. నలభై రెండు. కాజాలు మీ ఆవిడ చేతే కుట్టిద్దామని ఆపాను."

ఆవిడ గోడకి ఆనుకుంది. మాస్టారు వాడి మెడలోంచి టేపు లాగి ఛాతీకి చుట్టాడు. "అంకె చదువమ్మా."

"ముప్పై ఆరు."

"అయితే బతుకుతాడు. మిషను ఖాళీగానే ఉందా?"

"ఉంది మాస్టారూ."

ఇప్పుడు బల్ల దగ్గర మళ్లీ మాస్టారే. కళ్లు ఆనవు గనక గీత ఎక్కడుందో వేలు పెట్టి చూపించేది మిషను టైలరు. కొత్త కోటు మేకుకి వేలాడుతోంది. దాని కిందే కూర్చుని ఆవిడ ఊరందరి కాజాలూ కుడుతుంది, ఆ కోటువి తప్ప.