కన్నం కనబడని కోటు

దారం ఏడోసారి కూడా సూదిలోకి వెళ్లలేదు. సూదమ్మ దాన్ని నాలుకతో తడిపి, వేళ్లతో నులిమి, కిటికీ వైపు పట్టుకుంది. కూతురు వచ్చి లాక్కుని ఒక్క విసురుకు ఎక్కించింది.

"ఈ కళ్లతో ఇంకెన్నాళ్లు కుడతావమ్మా? ఇవాళ పింఛను అప్పీలు పోతే తినేదేమిటి?"

సూదమ్మ ఆ సూదిని పమిటకు గుచ్చుకుంది. ఆ ప్రశ్న విని విని ఆమెకు విసుగొచ్చేసింది.

నలభై ఏళ్లుగా రఫ్ఫు పనే ఆమె బతుకు. ఆమె పూడ్చిన చిరుగును బట్టగలవాడే కాదు, కొరికిన ఎలుక మళ్లీ వచ్చినా పోల్చుకోలేదని వీధిలో అనేవారు. ఎలుకను అడిగినవాళ్లు లేరు గాని, అబద్ధమని ఎవరూ అనలేదు.

ఆ పనితనమే కొంప ముంచింది. భర్త యుద్ధం నుంచి పక్కటెముకల్లో ఇనుప ముక్కతో తిరిగొచ్చి, ఆరేళ్లు దగ్గీ దగ్గీ పోయాడు. ఇంట్లో పోయినవాడు యుద్ధంలో పోయినట్టు కాదని ఆఫీసువాళ్లు పింఛను కొట్టేశారు. ఆసుపత్రి కాగితాలు కాలిపోయాయి. మిగిలిన సాక్ష్యం, కాలరు మీద ఆయన సైనిక నంబరున్న కోటొక్కటే. దాని ఎడమ పక్కన ఆ ఇనుప ముక్క దూరిన కన్నం ఉండాలి. లేదు. "అది చూస్తే దగ్గొస్తోందే, మూసెయ్యి" అని ఆయన అడిగితే, అంచు మడతలోంచి పోగులు తీసి ఆమే మూసేసింది.

తల్లీకూతుళ్లు పింఛను ఆఫీసు మూడో అంతస్తు మెట్లు ఆగి ఆగి ఎక్కారు. అప్పీలు అధికారి కోటును వెలుతురుకు పట్టాడు, తిరగేశాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"కన్నమేది పెద్దమ్మా? కొత్త కోటులా ఉందే!"

"ఉంది బాబూ. నా కుట్టు కింద ఉంది."

"కుట్టు కింద ఉన్నదాన్ని ఫైల్లోకి ఎలా ఎక్కించను?"

సూదమ్మ నిట్టూర్చింది. బొటనవేలు బట్ట మీద తడుముకుంటూ పోయి ఒకచోట ఆగింది. సూదిమొనతో ఒక్కో పోగూ లేపింది, ఒక్కో పోగుకూ ఊపిరి తీసుకుంది. అధికారి టీ చల్లారిపోయింది. చివరికి అంచులు మాడిన కన్నం, బొత్తామంత, తెరుచుకుంది. ఆయన అందులో వేలు దూర్చి, చప్పున తీసేసి, కలం అందుకున్నాడు.

"ఇక మూసేయనా?"

"అయ్యో, వద్దు! పైవాళ్లు చూడాలి."

"చూశాక ఇచ్చేస్తారుగా. మూసే ఉంచుతానని మా ఆయనకు మాటిచ్చాను."

దారం ఎక్కించిన సూదిని కాలరు లోపల గుచ్చి, కోటు వదిలింది.

తీర్పు ఆమె పక్షానే వచ్చింది. పదకొండో రోజున కాగితమూ కోటూ కలిపి పంపారు. సూదమ్మ తొమ్మిదో రోజునే, కుర్చీలో, కళ్లజోడు తీయకుండానే వెళ్లిపోయింది.

కూతురు పొట్లం విప్పింది. కన్నంలోంచి పురికొస దూర్చి ఫైలు నంబరు చీటీ కట్టారు. కాలరు లోపల సూది అలాగే ఉంది, దారంతో సహా.