పగడాల తొట్టె

నాగదుర్గ పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు తొట్టెలో కాల్షియం కలిపేది. వంటసోడా మాత్రం సాయంత్రం, దీపం పెట్టాకే. ఏలూరులో వాళ్ల ఇంటి ముందుగదిలో ఉన్న ఆ గాజు తొట్టె నిండా ఉప్పునీళ్లు, వాటిలో ఊదారంగు పగడాలు, ప్రాణంతో ఉన్నవి. అవి ఏపుగా పెరిగితే కూతురు హర్షిణి ఎముకలకి బలమొచ్చేది. అవి నీరసిస్తే పిల్ల గుమ్మం దాటబోయి కూలబడేది. పుట్టినప్పట్నుంచీ అంతే. డాక్టరుగారు కూడా పిల్లని చూడకముందే, "తొట్టెలో కాల్షియం ఎంతుందమ్మా?" అని అడిగేవారు.

భర్త సత్తిబాబు కొల్లేటి పక్కన రొయ్యల చెరువులు చేస్తాడు. నీళ్లంటే తనకి తెలియనిది లేదని ధీమా. రొయ్య పెంకు మెత్తబడిందంటే చాలు, మినరల్సూ సున్నమూ సోడా ఒకే డ్రమ్ములో కలిపి చల్లించేస్తాడు. ఇంట్లో ఈ చెంచాల వైద్యం చూస్తే అతనికి ఒళ్లుమంట.

"ఏవండీ, రెండూ ఒకేసారి పొయ్యకూడదండీ. ఒకదాన్నొకటి పట్టుకుని సున్నమైపోతాయి," అని నాగదుర్గ చెబుతూనే ఉండేది.

"నీళ్ల సంగతి నాకు చెప్తావేంటే!" అని నవ్వేసేవాడు.

సోమవారం హర్షిణిని బడిలో వెయ్యాలి. పడిపోకుండా నడిస్తేనే చేర్చుకుంటామన్నారు. ఆ గండం గట్టెక్కించమని మొక్కుకోడానికి నాగదుర్గ తొట్టె పని భర్తకి అప్పజెప్పి శనివారం తెల్లారకుండానే ద్వారకా తిరుమల వెళ్లింది. మధ్యాహ్నం చెరువు దగ్గర్నుంచి ఫోను, రొయ్యలు పైకి తేలుతున్నాయని. సాయంత్రం దాకా ఆగే వీల్లేదు. సత్తిబాబు పొద్దున వెయ్యడం మర్చిపోయిన కాల్షియమూ, సాయంత్రం వెయ్యాల్సిన సోడా ఒకే బక్కెట్లో కలిపేశాడు. పాపం, కూతురు నడవాలన్న ఆశకొద్దీ రెండు గుప్పిళ్లు ఎక్కువే వేశాడు. తొట్టెలో గుమ్మరించాడు.

నీళ్లు మజ్జిగలా తెల్లబడ్డాయి. చెరువు నీళ్లలాగే ఇవీ తేరుకుంటాయిలే అనుకుని, పక్కింటి సూర్యకుమారిగారిని పిలిచి పిల్లని అప్పజెప్పి బండి తీశాడు.

నాగదుర్గ ప్రసాదంతో వచ్చేసరికి నీళ్లు నిజంగానే తేరుకున్నాయి. అడుగునంతా తెల్లటి పొర. పగడాల్లో రంగు లేదు, ప్రాణం లేదు.

హర్షిణి గది మధ్యలో నిలబడి ఉంది.

"మధ్యాహ్నం నుంచీ ఇలాగేనమ్మా. అన్నం కూడా నిలబడే తింది," అన్నారు సూర్యకుమారిగారు.

నాగదుర్గ పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకోబోయింది. మోకాళ్లు వంగలేదు. నడుమూ వంగలేదు. ఎక్కడ పట్టుకున్నా రాయిని పట్టుకున్నట్టే ఉంది.

అప్పుడొచ్చాడు సత్తిబాబు, కాళ్లకి చెరువు బురదతో. ఊతం లేకుండా నిలబడ్డ కూతుర్ని చూసి అతని మొహం వెలిగిపోయింది. గుమ్మంలోనే మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ చాచాడు.

"రా తల్లీ, నా దగ్గరికి నడిచిరా!"

"రాలేను నాన్నా," అంది హర్షిణి. తండ్రి మొహం చిన్నబోవడం చూసి తనే ధైర్యం చెప్పింది. "కానీ ఇంక పడను కదా."