వెనక బస్సు

నాలుగో డబ్బాకి మూత బిగిస్తుంటే ఆమెకి నవ్వొచ్చింది. డబ్బాని చూసి కాదు, పడగ్గదిలోంచి వినబడిన భర్త మాటకి. "నీకేం, తొమ్మిదికల్లా వెళ్ళి చల్లగా షాపులో కూర్చుంటావు. మా ఆఫీసు అలా కాదుగా" అని సాక్సు వెతుక్కుంటూ రోజూ అనేదే ఈరోజూ అన్నాడు. కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్షించే మనిషికి కూర్చునే యోగం లేదని ఆమె మొదట్లో చెప్పి చూసింది. అక్కడున్న ఒక్క కుర్చీ పరీక్ష చేయించుకునే వాళ్ళది. ఆయన "అవునా" అని మర్నాడు మళ్ళీ అదే అన్నాడు. ఆ మాటలో ఇంకో తప్పు కూడా ఉంది గానీ దాని గురించి మాత్రం ఆమె మూడేళ్ళుగా నోరు మెదపలేదు. షాపు తీసేది తొమ్మిదికి కాదు, పదింటికి.

అబద్ధమాడిందని అనడానికి లేదు. మూడేళ్ళ కిందట, ఇలాగే చలి మొదలయ్యే రోజుల్లో, యజమాని షాపు వేళలు మార్చాడు. ఇంటికెళ్ళి చెబుదామనే అనుకుంది. వెళ్ళేసరికి అత్తగారి మాత్రలు అయిపోయి ఉన్నాయి, కూతురికి మర్నాటికి అట్ట ముక్కలు కావాలి, సింకులో గిన్నెలు అంచు దాకా ఉన్నాయి. ఆ హడావుడిలో మరిచిపోయింది. రెండో రోజు గుర్తొచ్చింది గానీ అప్పటికే ఆ గంట రుచి నాలుక్కి తగిలింది. మూడో రోజు నుంచి గుర్తు రానివ్వలేదు.

మొదటి రోజు ఆ గంటని ఏం చేసుకోవాలో ఆమెకి తోచలేదు. పెళ్ళైన పదకొండేళ్ళలో ఎవరూ ఏ పనీ అప్పజెప్పని గంట అదొక్కటే. మూసి ఉన్న షట్టరు ముందు కాసేపు నిలబడి, వీధి చివరి దాకా నడిచింది. అక్కడ నీళ్ళ సరఫరా వాళ్ళు వాడటం మానేసిన చెరువొకటి ఉంది. గట్టు మీద చిటికెడంత పిట్ట, నలుపూ తెలుపూ, తోక పైకీ కిందకీ ఆడిస్తూ పరుగెడుతోంది. ఆమె చూస్తూ ఉండిపోయింది.

"ముఖం చేటంత అయిందేం?" అన్నారెవరో. సిమెంటు బెంచీ మీద అరవై దాటిన మనిషి, భుజాన పాత తోలు సంచీ, చేతిలో నోటు పుస్తకం. "ఇంతుంది గానీ కొండలు దాటొచ్చింది అది. ఎక్కడికి, మళ్ళీ ఎప్పుడొస్తావు, వంట చేసి వెళ్తున్నావా అని ఒక్కరూ అడిగుండరు."

ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి ఆవిడ. చెరువు దగ్గరికి వచ్చే వాళ్ళందరికీ కండక్టరమ్మే. ఏటా ఈ రోజుల్లో ఉత్తరం నుంచి దిగే పిట్టల్ని లెక్కపెడుతుంది. ఎలా లెక్కపెట్టాలో పుస్తకాల్లో ఏముందో ఆవిడకి తెలీదు, బస్సు లెక్కే లెక్క. కదిలే బస్సులో తలలు ఎంచినట్టు గుంపు మీద ఒకసారి కళ్ళు తిప్పేది. యాభై అయితే ఒక బస్సు. మిగిలినవి నిలబడ్డవాళ్ళు. "బాతులు రెండు బస్సులు, నిలబడ్డవాళ్ళు ఏడుగురు" అని పుస్తకంలో రాసుకునేది. ఊరూరా చెరువుల లెక్కలు పోగుచేసే సంఘం వాళ్ళు మొదట్లో తల పట్టుకున్నారు గానీ తర్వాత వాళ్ళే యాభైతో హెచ్చవేసుకోవడం నేర్చుకున్నారు.

అలా మొదలైంది. బాగుచేయమని షాపులో ఇచ్చి మళ్ళీ తీసుకెళ్ళని బైనాక్యులర్ ఒకటి సొరుగులో పడి ఉంటే అడిగి తీసుకుంది. దానికి ఒక కన్ను మసక. రెండో కంటితోనే మూడు చలికాలాలు పిట్టల్ని చూసింది. తొమ్మిదింటికి చెరువు, పదింటికి షాపు. షాపులో రోజంతా "ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా" అని అడగడం, "డాక్టరుగారు లేరామ్మా?" అని వాళ్ళు ఆమె భుజం మీంచి వెనక్కి చూడటం, "మా అమ్మాయి చూసేస్తుందండీ" అని యజమాని నలభై రెండేళ్ళ మనిషిని పట్టుకుని అనడం. అవేవీ ఆ రోజుల్లో అంతగా గుచ్చుకునేవి కావు. పొద్దున చూసిన బాతులు ఇంకా కళ్ళలో ఈదుతూ ఉండేవి.

ఈ ఏడు పెద్ద లెక్క రోజు శుక్రవారం పడింది. ఆ రోజు అన్ని ఊళ్ళ చెరువుల దగ్గరా ఒకే వేళకి లెక్కపెడతారు. ఇక్కడో చిక్కుంది. చెరువు మధ్యలో మనిషెత్తు జమ్ము. ఈ గట్టు నుంచి ఆ గట్టు నీళ్ళు కనబడవు. ఒక్కరే లెక్కపెడితే అటు తిరిగి వెళ్ళేసరికి అరగంట, ఈలోగా ఇటున్నవి అటు ఎగిరి మళ్ళీ లెక్కలో పడతాయి. "దిగినవాడే ముందు తలుపులోంచి ఎక్కినట్టు" అనేది కండక్టరమ్మ. పైగా ఆవిడ మోకాళ్ళు అంత దూరం నడవవు. కాబట్టి ఎనిమిదీ ముప్పావుకి ఈవిడ అవతలి గట్టున, ఆవిడ ఇవతలి గట్టున. ఇద్దరూ లేకపోతే ఈ చెరువు లెక్కే లేదు.

సరిగ్గా దానికి ముందు రోజు, భర్త సాక్సు వెతుక్కుంటూ ఆ మాట అన్న గురువారమే, కొంప మునిగింది.

చెరువు నుంచి వస్తూ ఆమె ఇంకా లోకంలోకి రాలేదు. చెప్పులకి బురద, మెడలో బైనాక్యులర్, చెంగుకి గడ్డి గింజలు. షాపు మెట్ల మీద ఎవరో కూర్చుని ఉన్నారు. రోజూ ఎవరో ఒకరు కూర్చుంటారు కాబట్టి ముఖం కూడా చూడకుండా అలవాటుగా అనేసింది: "మేం ఎప్పుడూ పదింటికే తీస్తామండీ. ఇంకో పది నిమిషాలు."

"ఎప్పుడూనా?" అన్నాడు ఆ మనిషి. చేతిలో రెండు ముక్కలైన కళ్ళద్దాలు పట్టుకుని, కళ్ళు చిట్లించుకుని చూస్తున్నది ఆమె భర్త. ఆయన అద్దాల మీద ఆయనే కూర్చున్నాడట. అద్దాలు లేకపోవడంతో ఆమె ఎవరో పోల్చుకోలేకపోయాడు కూడా. గొంతు పట్టిచ్చింది.

ఆయన కోప్పడతాడని రోజంతా భయపడింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. సాయంత్రం భోజనాల దగ్గర కొత్త కళ్ళద్దాలతో, దొరికిన వస్తువుని బల్ల మీద పెట్టినట్టు హుషారుగా చెప్పాడు. "అమ్మా, దీనికి పొద్దున ఒక గంట ఖాళీ ఉందే! మనకి తెలియనే తెలియదు."

ఇక పంపకాలు మొదలయ్యాయి. "అయితే నా మోకాళ్ళ వ్యాయామం అప్పుడు చేయిస్తుంది. నా ఒక్కదాని వల్ల కావట్లేదు" అన్నారు అత్తగారు. "అమ్మా, నా రెండు జడలూ తీరిగ్గా వెయ్యొచ్చు" అంది కూతురు. ఫోన్లో ఆడపడుచు "వదినా, మా పిల్లల బడి నీ దారిలోనే కదా, దింపేస్తే నాకు ఎంత సుఖమో" అంది. "నా చొక్కాలు అయిదూ ఇస్త్రీ అయిపోతాయి" అన్నాడు ఆయన. నలుగురూ కలిసి ఆ గంటని బిస్కెట్ తుంచుకున్నట్టు తుంచుకున్నారు. లెక్క వేస్తే గంటన్నర అయింది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అందరూ ఆమె వంక ప్రేమగానే చూశారు. మూడేళ్ళు ఆ గంటలో నువ్వేం చేశావు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆమె తలూపింది. పద్నాలుగేళ్ళ అలవాటు మరి, మెడ దానంతటదే ఊగింది.

గిన్నెలు తోముతూ ఉంటే ఆమెకి ఒళ్ళు మండింది, ముందు వాళ్ళ మీద, తర్వాత తన మెడ మీద. పోయినేడు కండక్టరమ్మ అన్న మాట గుర్తొచ్చింది. "బస్సు కిటకిటలాడుతుంటే ఎంతమందికి చెప్పేదాన్నో, నిండిపోయిందయ్యా, వెనక బస్సులో రండి అని. అరిస్తే యాభై మందీ ఆగేవాళ్ళు. ఇంటికెళ్ళాక ముగ్గురికి చెప్పలేకపోయాను. అక్కడ నా వెనక బస్సుండేది తల్లీ. ఇంట్లో నేను తప్ప ఇంకో బస్సుందని నాకే తోచలేదు." అప్పుడు ఇద్దరూ పడీపడీ నవ్వారు, జమ్ములోంచి రెండు పిట్టలు బెదిరి లేచేంతగా. ఇప్పుడు నవ్వు రాలేదు. చేతిలో గిన్నె బోర్లించి, రేపు వెళ్తున్నాను అనుకుంది.

తెల్లవారింది. డబ్బాలు నాలుగూ మూతలు పెట్టింది. ఇంట్లో కుర్చీలు నాలుగున్నాయి, మనుషులూ నలుగురే, అయినా ఎప్పట్లాగే పొయ్యి దగ్గర నిలబడి రొట్టె ముక్క నోట్లో వేసుకుంది. సంచీలో బైనాక్యులర్ పెట్టుకుంది. ఇన్నాళ్ళూ అడుగున దాచేది, ఈరోజు పైన పెట్టింది. చెప్పులు వేసుకుంటుంటే హాలులో చొక్కాల కుప్ప కనబడింది. దాని పక్కన భర్త.

"అదేంటి, ఎనిమిదికే బయల్దేరావు? చొక్కాలు? అమ్మ వ్యాయామం?"

"అవ్వదండీ."

"మరి రాత్రి సరేనన్నావుగా?"

"తలూపాను. తప్పే. ఇప్పుడు నోటితో చెబుతున్నాను." ఎక్కడిదో తెలియని కండక్టరు గొంతు వచ్చింది. "ఈ బస్సు నిండిపోయిందండీ. వెనక బస్సులో రండి."

ఆయనకి అర్థం కాలేదు. నిజంగానే గుమ్మం బయటికి చూశాడు. "వెనక బస్సేంటి? ఎక్కడుంది?"

"మీరే" అంది ఆమె.

కూతురు పళ్ళు తోముకుంటూ కిసుక్కున నవ్వి, నురగ చొక్కా మీద పోసుకుంది. ఆయన చొక్కాల కుప్ప వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. కుర్చీలోంచి అత్తగారు ఏమంటారోనని ఆమె ఒక క్షణం ఆగింది.

"ఇంతకీ ఆ గంటసేపూ ఏం చేస్తావే?" అన్నారు అత్తగారు.

అడిగారు! మూడేళ్ళకి ఒకరు అడిగారు. "పిట్టల్ని లెక్కపెడతాను అత్తయ్యా. ఉత్తరం నుంచి వస్తాయి."

"పిట్టల్నా!" ఆవిడ బుగ్గలు నొక్కుకున్నారు. కొడుకు వైపు కాలు చాపారు. "రారా, ఈ మోకాలు ఎలా వంచాలో చూడు. వెళ్ళవే, ఆలస్యమవుతుంది. ఎన్నున్నాయో వచ్చి చెప్పు."

ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. చెరువు చేరేసరికి ఇవతలి గట్టున కండక్టరమ్మ నోటు పుస్తకం తెరిచి, వాచీ చూస్తూ ఉంది. ఆమె అవతలికి నడిచి జమ్ము పక్కన పాత మోటారు దిమ్మ మీద చోటు చూసుకుంది. ఎనిమిదీ ముప్పావు. బైనాక్యులర్ మంచి కంటికి తన కన్ను ఆనించింది. నీళ్ళ నిండా బాతులే. కొన్ని తలలు రెక్కల్లో దోపుకుని నిద్రపోతున్నాయి. అంతదూరం ఎగిరొచ్చినవి పడుకోక ఏం చేస్తాయి. ఒక బస్సు. రెండు. అప్పుడు సంచీలో ఫోను మోగింది.

"ఇస్త్రీ పెట్టె వేడెక్కట్లేదు" అన్నాడు భర్త.

"గోడ దగ్గర స్విచ్చుంది, అది కూడా వెయ్యాలండీ" అని పెట్టేసి, కళ్ళు తిప్పకుండా అక్కడి నుంచే లెక్క అందుకుంది. మూడో బస్సు కూడా నిండింది. ఒడ్డున బురదలో సన్నకాళ్ళ పిట్టలు వరసగా ఉన్నాయి, వాటిని విడిగా ఎంచింది, పదకొండు.

"ఎన్నీ?" అని అవతలి గట్టు నుంచి కండక్టరమ్మ కేక వినబడింది.

"మూడు బస్సులు!" ఆమె కూడా కేక వేసింది. అంత గట్టిగా అరిచి ఎన్నేళ్ళయిందో. "నిలబడ్డవాళ్ళు పదకొండుగురు!"

సంచీలోంచి తన నోటు పుస్తకం తీసి రాసుకోబోతూ ఆగి, చుట్టూ చూసుకుంది. ఆ పదకొండూ ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. తను మాత్రం దిమ్మ మీద కాళ్ళు చాపుకుని, వీపు జారేసి, హాయిగా ఉంది. పిట్టల లెక్క రాసి, దాని కింద ఇంకో గీత గీసి రాసింది: కూర్చున్నది, ఒకటి.