కింది ముక్క

రేకుల మేస్త్రి చేసే పని ఎవరి కంటికీ కనపడదు. పెద్ద ఆఫీసుల్లో, బట్టల దుకాణాల్లో సీలింగు పైన దాక్కుని చల్లగాలి మోసే రేకు గొట్టాలు ఉంటాయే, అవి కోసి, మడిచి, బిగించేది అతనే. నలభై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి ఊసెత్తలేదు. కింద వర్క్‌షాపు, పైన గది, గదిలో ఒక మంచం, ఒక రేడియో. అమ్మానాన్నలు పోయాక తనవాళ్ళంటూ మిగిలింది రెండు వీధుల అవతల ఉండే అక్కా, బావా. వాళ్ళకి పిల్లల్లేరు. ఆదివారం వచ్చిందంటే మేస్త్రి అక్కడే తిని, అక్కడే ఓ కునుకు తీసి, బావతో ఏదో ఒకటి వాదించి గానీ ఇంటికి వచ్చేవాడు కాదు.

బావ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టేవాడు. చేతులు ఎంత నిదానమో నోరు అంత చురుకు. ఆయనకొక కారుండేది. ఇరవై రెండేళ్ళది. రంగు వెలిసి, వెనక తలుపు లోపల్నుంచి మాత్రమే తెరుచుకునే స్థితికి వచ్చినా బావ దాన్ని వదల్లేదు. చదునుగా ఉన్న రోడ్డు మీద బాగానే పోయేది గానీ, వాటర్‌ట్యాంకు దగ్గరి ఎత్తు ఎక్కేసరికి దానికి ప్రాణం మీదికొచ్చేది.

"దానికంటే నేనే ముందెక్కుతానురా. మధ్యలో ఆగి టీ తాగి మరీ ఎక్కుతా" అనేవాడు బావ.

ఒక ఆదివారం భోజనాలయ్యాక ఆయన బానెట్ ఎత్తి మేస్త్రిని పిలిచాడు. ఇంజిను పక్కన ఒక నల్ల ప్లాస్టిక్ డబ్బా చూపించాడు. ఇంజిను ఆ డబ్బాలోంచే గాలి పీలుస్తుంది. డబ్బా పక్కనే పొగ గొట్టం సలసలా కాగుతూ ఉంటుంది.

"చూడు, ఇది పీల్చేదంతా వేడిగాలి. చల్లగాలైతే చిక్కగా ఉంటుందట, బండి బాగా లాగుతుందట. ఊరందరికీ చల్లగాలి గొట్టాలు వేస్తావు, సొంత బావకి ఒకటి వెయ్యలేవా?"

"చల్లగాలి కావాలంటే కిటికీ దించుకో బావా" అన్నాడు మేస్త్రి. కానీ అప్పటికే అతని చూపు బానెట్ కింద ఎక్కడ ఎంత ఖాళీ ఉందో కొలిచేస్తోంది.

మూడు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం అట్టముక్కలు కత్తిరించి, టేపు అంటించి, గొట్టం ఏ దారిన వెళ్ళాలో చూసుకున్నాడు. ఇంజిను నోటి దగ్గర మొదలై, బ్యాటరీ పక్కగా వంగి, లోపలి రేకుకి చేసిన రంధ్రంలోంచి దిగి, ముందు బంపర్ వెనక్కి రావాలి. ఎండ తగలదు, ఇంజిను వేడి తగలదు, బండి పరిగెడుతుంటే ఎదురుగాలి సూటిగా తగులుతుంది. రెండో ఆదివారం మూడంగుళాల గొట్టం చుట్టాడు. అతుకు మీద వేలు నడిపితే అతుకున్నట్టే తెలియలేదు. మూలల్లో నీళ్ళ పైపుల వంపులు వాడాడు, కలిపేచోట పాత రేడియేటరు రబ్బరు గొట్టాన్ని కోసి తొడిగి క్లిప్పులు బిగించాడు. చివర శంకువులాంటి ఫిల్టరు.

అక్క గడపలో కూర్చుని పప్పులో రాళ్ళేరుతూ ఇద్దర్నీ చూస్తుండేది. "చంటిపిల్లకి కూడా ఇంత సేవ చెయ్యరు కదండీ" అనేది మొగుడితో.

మూడో ఆదివారం పొట్టి మెకానిక్ అటుగా వచ్చాడు. బావ కారుకి ఎన్నేళ్ళ నుంచో వైద్యం చేస్తున్నవాడు. గొట్టమంతా తడిమి చూసి, మెచ్చుకుని, బంపర్ కిందికి వంగి తల గోక్కున్నాడు.

"పనితనం బాగుంది మేస్త్రీ. కాకపోతే నోరు బాగా కిందికి పెట్టావు. వానల్లో ఎక్కడైనా నీళ్ళలో దిగితే గాలికి బదులు నీళ్ళు లాగేస్తుంది. నీళ్ళు లోపలికెళ్తే ఇంజిను అక్కడికక్కడే పట్టేస్తుంది."

"ఆ మాత్రం తెలియదా?" అన్నాడు మేస్త్రి కాస్త ఉక్రోషంగా. నిజంగానే తెలుసు. అందుకే గొట్టాన్ని రెండు ముక్కలుగా చేశాడు. వానలు మొదలవగానే రెండు క్లిప్పులు వదులు చేసి కింది ముక్క లాగేసి, ఫిల్టరుని పై ముక్కకి తగిలిస్తే చాలు. ఐదు నిమిషాల పని. ఆ సంగతి విని మెకానిక్ తలూపి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ముగ్గురూ వాటర్‌ట్యాంకు ఎత్తు మీదికి వెళ్ళారు. కారు మూడో గేరులోనే ఎక్కేసింది, అదీ గొంతు మారి, గుర్రుమంటూ. పైకి చేరాక బావ బండి ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ వేసుకుని, పరీక్ష పాసైన పిల్లాడిలా నవ్వాడు. "మళ్ళీ కిందికి పోదాం" అన్నాడు. అలా నాలుగుసార్లు ఎక్కించాడు. నాలుగోసారి అక్క కడుపులో తిప్పుతోందని గోల పెడితే గానీ ఇంటికి తిప్పలేదు.

ఎండలు పోయి మొదటి వాన పడింది. గురువారం బావ ఫోన్ చేశాడు.

"ఏమోయ్, కింది ముక్క తీసేద్దామా? మబ్బులు చూస్తే ఈసారి గట్టిగానే ఉండేలా ఉంది."

"ఆదివారం వస్తాగా బావా."

"పోనీ నేనే తీసుకోనా? రెండు క్లిప్పులేగా."

"నువ్వు చెయ్యి పెట్టకు మహానుభావా! క్లిప్పు మర పోగొడితే మళ్ళీ నా తల మీదికే. కళ్ళజోడు స్క్రూ అనుకున్నావా ఏంటి?"

బావ నవ్వి ఫోన్ పెట్టేశాడు.

ఆ ఆదివారం మేస్త్రి వెళ్ళలేదు. కొత్త షాపింగ్ కాంప్లెక్సులో పని ముగించాలని కాంట్రాక్టరు వెంటపడ్డాడు. సాయంత్రం ఆరింటికి పని దిగాడు. అక్క ఇంటి వీధి మలుపు దాకా వచ్చాడు కూడా. నడుం పట్టేసింది, చినుకులు పడుతున్నాయి, రేపు చూద్దాంలే అనుకుని తన గదికి తిరిగిపోయాడు. సోమవారం గుర్తు రాలేదు. మంగళవారం గుర్తొచ్చింది గానీ పని తెమల్లేదు.

బుధవారం మధ్యాహ్నం బావ భోజనానికి ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని, ఎడమ చెయ్యి లాగేస్తోందన్నాడు. కాసేపటికి చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది. బయట కుండపోత. అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఈ వానలో ముప్పావు గంటైనా పడుతుందన్నారు. అక్క ఆయన్ని పట్టుకుని నడిపించి ముందు సీట్లో కూర్చోబెట్టి, తనే కారు తీసింది. ఆసుపత్రికి పది నిమిషాల దారి. మధ్యలో రైలు వంతెన. వంతెన కింద నీళ్ళు నిలిచి ఉన్నాయి.

ముందున్న వ్యాను ఒకటి నెమ్మదిగా దాటిపోవడం చూసి ఆమె కూడా దింపింది. సగం దూరం వెళ్ళాక బానెట్ కింద దడేల్‌మని శబ్దం. బండి ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా టక్‌మనడమే తప్ప కదల్లేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి ఆమె అరుస్తుంటే దుకాణాల్లోంచి నలుగురు పరుగెత్తుకొచ్చారు. బావని చేతుల మీద బయటికి మోసుకొచ్చి, ఇంకెవరి బండో ఆపి ఎక్కించారు. ఆసుపత్రి చేరేసరికి ఇంట్లోంచి బయల్దేరి గంట దాటింది. బావ అప్పటికే పోయాడు.

కబురందుకుని వెళ్ళిన మేస్త్రి డాక్టరుని పక్కకి పిలిచి అడిగాడు. "కాస్త ముందు తెచ్చుంటే?"

"చెప్పలేమండీ" అన్నాడు డాక్టరు. "బతికేవారేమో. బతికేవారు కాదేమో."

కారుని పొట్టి మెకానిక్ షెడ్డుకి లాక్కెళ్ళారు. నాలుగో రోజు మేస్త్రి వెళ్ళేసరికి మెకానిక్ ప్లగ్గులు విప్పి ఉంచాడు. ఇంజిను తిప్పగానే ఆ రంధ్రాల్లోంచి నీళ్ళు చిమ్మాయి. బంపర్ వెనక ఫిల్టరు బురదతో పూడుకుపోయి ఉంది, దాని పైన రెండు క్లిప్పులూ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"నేనెవరికీ చెప్పను మేస్త్రీ" అన్నాడు. ఆ మాట కంటే ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే బాగుండేదనిపించింది మేస్త్రికి.

పరామర్శకి వచ్చినవాళ్ళంతా అతన్నే పొగిడారు. అక్కకి నీళ్ళు కాచి ఇచ్చేదీ, కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేదీ అతనే. కడుపున పుట్టినవాడు కూడా ఇలా చూడడన్నారు. అతను తల దించుకుని వినేవాడు. అక్క మాత్రం వచ్చిన ప్రతి మనిషికీ ఒకటే చెప్పేది. "నేనే దింపానండీ నీళ్ళలోకి. వెనక్కి తిప్పి చుట్టుదారిన పోయుంటే సరిపోయేది. నా చేతులతో నేనే చంపుకున్నాను." మొదట్లో ఏడుస్తూ చెప్పేది. తర్వాత తర్వాత ఏడుపు కూడా లేకుండా, వాన పడిందని చెప్పినట్టు చెప్పేది.

నలభై రోజులు భరించాడు. ఒక మధ్యాహ్నం అక్క బావ చొక్కాలు మంచం మీద పరిచి, ఎవరికైనా ఇవ్వడానికి మడతపెడుతోంది. పక్కింటావిడ వచ్చి కూర్చుంటే మళ్ళీ అదే మాట మొదలుపెట్టింది. ఆవిడ వెళ్ళేదాకా ఆగి మేస్త్రి తలుపు దగ్గరికి వేశాడు.

"అక్కా, నీ వల్ల కాదు. ఆ గొట్టం వల్ల. నేను చేసిన దాని వల్ల."

అంతా చెప్పాడు. మెకానిక్ హెచ్చరిక, గురువారం ఫోన్, తను బావని చెయ్యి పెట్టొద్దనడం, ఆదివారం వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి పోవడం. పాత డబ్బానే ఉండుంటే ఆ మాత్రం నీళ్ళు కారు దాటేసేదనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ అక్క చేతిలో చొక్కా సగం మడతలోనే ఆగి ఉంది.

"ఎంతసేపు పని అది?" అంది.

"ఐదు నిమిషాలు."

"ఐదు నిమిషాలు." ఆమె చొక్కా మడత పూర్తి చేసి దొంతరలో పెట్టింది. "ఇవాళెందుకు చెప్పావు?"

"నువ్వలా నిన్ను తిట్టుకుంటుంటే చూడలేకపోయాను."

"నన్ను నేను తిట్టుకోవడం అలవాటైపోయిందిరా. అందులో పడి రోజు గడిచిపోయేది. పొద్దున్న లేస్తే నువ్వొస్తావు కదా, వాడొకడున్నాడు కదా అనుకునేదాన్ని. ఇప్పుడేమనుకోను? నాకు మిగిలింది నువ్వొక్కడివి. నిన్ను కూడా లేకుండా చేశావు."

అతను కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కోలేదు, తల మీద చెయ్యీ వెయ్యలేదు. కాసేపయ్యాక, "పోరా. మళ్ళీ నేను పిలిచేదాకా రాకు" అంది.

పిలుపు రాలేదు. కారుని మెకానిక్ పాత ఇనుము వాళ్ళకి తోలేశాడు. మేస్త్రి పనికి పోయేవాడు, వచ్చేవాడు. ఆదివారాలు గదిలో పడుకుని సీలింగుకేసి చూసేవాడు. వారానికోసారి కూరగాయలు కొని అక్క గుమ్మంలో పెట్టి తలుపు కొట్టకుండా వచ్చేసేవాడు. మర్నాడు అటుగా వెళ్తే సంచి లోపలికి వెళ్ళి ఉండేది. అదొక్కటే ఆమె సంగతి అతనికి తెలిసే దారి.

ఐదు నెలలయ్యాక ఫోన్ మోగింది. "నాకు తల తిరుగుతోంది రెండు రోజులుగా. క్లినిక్‌కి తోడు రా" అంది అక్క. ఎలా ఉన్నావని అతనూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీగానే ఉన్నా అతను వెనక సీట్లో కూర్చున్నాడు. ఆమె జుట్టు బాగా నెరిసింది. క్లినిక్‌లో బల్ల వెనక ఉన్న అమ్మాయి కాగితం తీసుకుని వయసు, చిరునామా ఒక్కొక్కటే అడిగి రాసుకుంది.

"అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలమ్మా? మీవారికా?"

వెనకున్న మనుషులు కాళ్ళు మార్చుకున్నారు. ఆ అమ్మాయి కలం ఎత్తి పట్టుకుని చూస్తోంది. మేస్త్రి గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు.

"మా తమ్ముడు" అంది అక్క. "నంబరు వాణ్ణే అడుగు."

అతను నంబరు చెప్పాడు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. రక్తపోటు ఎక్కువైందని డాక్టరు మందులు రాశాడు. అవి కొనుక్కుని, మళ్ళీ బస్సెక్కి, ఆమె ముందూ అతను వెనకా కూర్చుని ఇంటికి వచ్చారు. గుమ్మం దగ్గర అక్క మందుల సంచి అందుకుని, "సరే, వెళ్ళు" అంది. ఆదివారం రమ్మని అనలేదు. అతను గుమ్మంలో నిలబడి ఉన్నంతసేపూ తలుపు మాత్రం వేసుకోలేదు.