జెరెమియా గారి దగ్గు

మా ఆయన జెరెమియా చాలా ఏళ్లు మా చర్చి సంఘం క్వాయరుకు డైరెక్టరు. పాట మొదలుపెట్టే ముందు చేతులెత్తి రెండుసార్లు దగ్గేవారు. ఖుహ్, ఖ్హూం! వెంటనే మా పన్నెండు గొంతులూ ఒక్కసారిగా లేచేవి. ఏం శిక్షణ, ఏం శిక్షణ అని పద్మారావు నగర్ అంతా మెచ్చుకునేది.

ఈ ఏడు ఆయన రిటైరయ్యారు. ఇన్నాళ్లూ ఇంట్లో ఆ దగ్గు భరించింది నేను కదా, పట్టుబట్టి మంచి డాక్టరుకు చూపించాను. దగ్గు పూర్తిగా పోయింది. ఆ ఆదివారం సంతోషం పట్టలేక బిర్యానీ వండాను.

కొత్త డైరెక్టరు ఆషర్. చెన్నైలో చదువుకొని వచ్చాడు, చేతిలో సన్నటి తెల్ల కర్ర, మాటకు ముందొక ఆంటీ, వెనకొక ఆంటీ. ప్రాక్టీసుకు వేళ లేకుండానే వచ్చిపడిన మొదటి కచేరీలో కర్ర ఎత్తి దించాడు. మేం నోరు విప్పలేదు. మళ్లీ దించాడు. అతని మొహంలోకే భక్తిగా చూస్తూ నిలబడ్డాం.

"ఏందక్కా, గీ పిలగాడు షురూ చేయడేంది?" అని పక్కనున్న సుకన్య నా చెవిలో గొణిగింది.

అంతలో వెనక వరుసలో ఎవరో ముసలాయన రెండుసార్లు దగ్గాడు. మేం గొంతెత్తి పాడేశాం. ఆషర్ అదిరిపడి కర్ర జారవిడిచాడు. ఓరి దేవుడా, ఇన్నేళ్లూ మేం పాడింది చేతిని చూసి కాదు, దగ్గు విని!

"ఆంటీ, నా చెయ్యి చూడుండ్రి. దగ్గు ఇనకుండ్రి" అని ఆషర్ పాపం వారాల తరబడి బతిమాలాడు. అలవాటు పోతేగా! నవంబరు కచేరీలో ముఖ్య అతిథి ఉపన్యాసం మధ్యలో ఆగి రెండుసార్లు దగ్గాడు. మేం అందుకున్నాం. ఆయన నోరు తెరుచుకొని అలాగే నిలబడిపోయాడు.

కమిటీ ప్రెసిడెంటు ఉదయ్ భాస్కర్ గారు మండిపడ్డారు. "క్రిస్మస్ కచేరీ సుత గిట్లనే అయితే క్వాయర్ బంద్. కీబోర్డు పిలగాండ్లు ఉన్నరు, వాళ్లు చూస్కుంటరు."

నాకు ఏడుపొచ్చింది. వారమంతా వంట, బట్టలు, మందులు. నా గొంతు నాకు వినిపించేది ఆ గురువారం ప్రాక్టీసులోనే. అదీ పోతే నేనేం చేయను?

"జెర ముందు వరుసల కూసోని దగ్గుండ్రి" అని మా ఆయన్ను అడిగాను.

"యాడికెళ్లి తెమ్మంటవ్? నువ్వే గదా మాన్పించినవ్" అన్నారు. డిసెంబరు చలిలో ఐస్‌క్రీం తినిపించాను. ఎంత ప్రయత్నించినా పిల్లి తుమ్మినట్టే వచ్చింది.

కచేరీ రోజు ఆషర్ తలుపు దగ్గరే నిలబడి వచ్చినవాళ్లందరికీ దగ్గు బిళ్లలు పంచాడు. హాలంతా చప్పరిస్తోంది, ఒక్కరూ కిక్కురుమనడం లేదు. కర్ర దించాడు. మేం రాళ్లలా నిలబడ్డాం. మళ్లీ దించాడు. చెమటలు పట్టి చివరికి తనే దగ్గాడు. అదేం దగ్గు, ఫోనెత్తే ముందు గొంతు సవరించుకున్నట్టుంది. ఉదయ్ భాస్కర్ గారు కుర్చీలోంచి లేవబోయారు.

ఇంక సిగ్గేమిటి? కళ్లు మూసుకున్నాను. ఏళ్ల తరబడి నా దిండు పక్కన మోగిన దగ్గది, నాకు రాకపోతే ఎవరికొస్తుంది?

"ఖుహ్, ఖ్హూం!"

పన్నెండు గొంతులూ ఒక్కసారిగా లేచాయి, నాదీ వాటిలోనే. ఉదయ్ భాస్కర్ గారు కూర్చుండిపోయారు. చివర్లో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.

తరువాతి కచేరీ కరపత్రంలో ఆషర్ నా పేరు విడిగా వేయించాడు: "దగ్గు: శ్రీమతి మేబెల్." సంబరంగా తీసుకెళ్లి మా ఆయనకు చూపించాను. కళ్లజోడు పెట్టుకొని చాలాసేపు చూశారు.

"అంతా బాగనే ఉన్నది గని, క్రిస్మస్ కచేరీల రెండో దగ్గు జెర లేటైంది మేబెల్," అన్నారు. "రేపటి సంది పొద్దుగాల కూసో, నేర్పిస్త."